చవక ఫోన్‌లో ఎన్‌క్రిప్షన్ ఎందుకు నెమ్మది? తాళం వేగంగా వేయించిన కోడ్ కథ

ఫోన్ రివ్యూ అంటే మనకి కెమెరా, బ్యాటరీ, గేమింగ్‌లో ఎంత వేడెక్కుతోంది, ఇవే. ఎన్‌క్రిప్షన్ వేగం గురించి ఎవరూ అడగరు, మేమూ పెద్దగా రాయం. కానీ మీరు గ్యాలరీలో ఫొటో తెరిచినా, ఫోన్‌పేలో పది రూపాయలు పంపినా, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ విన్నా లోపల ప్రాసెసర్ తాళాలు తీస్తూ వేస్తూనే ఉంటుంది. ఫ్లాగ్‌షిప్‌లో ఈ పని జరుగుతున్నట్టు కూడా తెలీదు. ఐదారు వేల ఫోన్‌లో మాత్రం తెలుస్తుంది. అసలు కొన్నేళ్ల కిందటి వరకు అలాంటి ఫోన్లలో స్టోరేజీకి తాళమే వేసేవాళ్లు కాదు.

ఎందుకు పట్టించుకోవాలంటే, కమ్మర్‌పల్లి నుంచి ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు తీసుకెళ్లే వాళ్లలో ఎంతమంది చేతిలో స్నాప్‌డ్రాగన్ 8 సిరీస్ ఫోన్ ఉంటుంది? ఆ చవక ఫోన్‌లోనే ఆధార్ ఫొటో ఉంటుంది, పట్టాదార్ పాస్‌బుక్ ఫొటో ఉంటుంది, బ్యాంకు మెసేజ్‌లు, తక్‌పట్టీ ఫొటో అన్నీ ఉంటాయి. బస్సులో జారిపోతే స్క్రీన్ లాక్ ఒక్కటే సరిపోదు. లోపలి స్టోరేజీ చిప్‌లో డేటా ఎన్‌క్రిప్ట్ అయి లేకపోతే, బోర్డు మీంచి చిప్ ఊడదీసి చదవడం తెలిసినవాడికి పాస్‌వర్డ్‌తో పనే లేదు.

మరి కంపెనీలు ఎందుకు వేయలేదు? ఒకటే కారణం, కోడ్ నెమ్మదిగా నడిచేది.

50 ఎంబీ గీత

2014లో ఆండ్రాయిడ్ 5.0తో పాటు నెక్సస్ 6 వచ్చింది. బాక్సులోంచి తీయగానే ఫుల్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉన్న ఫోన్ అది. రివ్యూలు రాసినవాళ్లు స్టోరేజీ టెస్ట్ పెట్టి చూస్తే రీడ్, రైట్ వేగాలు దారుణంగా పడిపోయాయి. ఎన్‌క్రిప్షన్ పని హార్డ్‌వేర్‌కి అప్పజెప్పకుండా సాఫ్ట్‌వేర్‌లో చేయించడమే దానికి కారణం. అప్పట్లో అది టాప్ ఫోన్. దానికే అలా ఉంటే మిగతా వాటి సంగతి చెప్పాలా?

తర్వాతి ఏడాది ఆండ్రాయిడ్ 6.0 రూల్‌బుక్‌లో గూగుల్ ఒక గీత గీసింది. ఏఈఎస్ పద్ధతిలో సెకనుకి 50 ఎంబీ కంటే ఎక్కువ వేగం ఇచ్చే ఫోన్‌లో ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. అంతకంటే నెమ్మదైతే మినహాయింపు. వినడానికి న్యాయంగానే ఉంది, ఫోన్ హ్యాంగ్ అయితే ఎవరు వాడతారు? కానీ ఫలితం చూడండి. ఎక్కువ డబ్బు పెట్టినవాళ్ల డేటాకి తాళం, తక్కువ పెట్టినవాళ్ల డేటాకి తలుపే లేదు.

ఈ గీత కింద ఉన్నవి ఎలాంటి చిప్‌లు? ముఖ్యంగా ఆర్మ్ కోర్టెక్స్ ఏ7 కోర్ ఉన్నవి. మన దగ్గర ఈ కోర్‌ని ఎక్కువమంది చేతుల్లోకి తెచ్చింది 2017లో వచ్చిన జియోఫోన్. అది ఆండ్రాయిడ్ కాదు, కాయ్‌ఓఎస్. 1.2 గిగాహెర్ట్జ్ డ్యూయల్ కోర్, 512 ఎంబీ ర్యామ్. ఆండ్రాయిడ్ గో ఫోన్లు, స్మార్ట్‌వాచ్‌లు, టీవీల్లో కూడా ఇదే తరగతి కోర్‌లు బోలెడు.

ఏఈఎస్‌తో వచ్చిన చిక్కు

ఏఈఎస్ చెడ్డది కాదు. 2001లో అమెరికా ప్రభుత్వ ప్రమాణం అయింది, ఇప్పటికీ గట్టిగా నిలబడింది. చిక్కు ఎక్కడంటే అది చేసే పని మామూలు ప్రాసెసర్‌కి నచ్చని పని. 16 బైట్ల ముక్క తీసుకుని, ఒక్కో బైట్‌ని 256 గడుల పట్టికలో వెతికి మార్చి, అటూ ఇటూ కలిపి, కీతో కలిపి, మళ్లీ మొదటి నుంచి. ఏఈఎస్ 256 అయితే ఇలా 14 రౌండ్లు. అంటే 16 బైట్లకి 224 సార్లు పట్టికలో వెతకాలి. స్టోరేజీలో 4096 బైట్ల ఒక సెక్టార్‌కి లెక్కేస్తే సుమారు 57 వేల సార్లు. ఒక్క ఫొటోలో ఇలాంటి సెక్టార్లు వందల్లో ఉంటాయి.

ఖరీదైన చిప్‌లు దీన్ని ఎలా దాటాయి? ఇంటెల్ 2010లో ఏఈఎస్ కోసమే ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లు పెట్టింది. ఆర్మ్ కూడా వీ8 తరంలో పెట్టింది. ఒక రౌండ్ మొత్తం రెండు ఇన్‌స్ట్రక్షన్లలో అయిపోతుంది. 224 వెతుకులాటల బదులు ముప్పై లోపు ఇన్‌స్ట్రక్షన్లు, అంతే. కానీ ఆర్మ్ వీ8లో ఇది ఐచ్ఛికం, చిప్ తయారుచేసేవాళ్లు వద్దనుకుంటే వదిలేయొచ్చు. రాస్‌బెర్రీ పై 4 వాడేవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. 64 బిట్ చిప్ అయినా అందులో ఏఈఎస్ ఇన్‌స్ట్రక్షన్లు లేవు, పై 5లో వచ్చాయి. అందుకే డబ్బా మీద 64 బిట్ అని రాసి ఉంది కదా అని ఎన్‌క్రిప్షన్ వేగంగా ఉంటుందని అనుకోకండి.

ఇన్‌స్ట్రక్షన్ ఉన్నా దాన్ని వాడే తీరు ఉంది. ఒక ఏఈఎస్ ఇన్‌స్ట్రక్షన్ జవాబు ఇవ్వడానికి కొన్ని సైకిల్స్ పడుతుంది. ఈలోపు ప్రాసెసర్ ఖాళీ. పసుపు ఉడకబెట్టేటప్పుడు ఒక్క కడాయి పెట్టి, అది ఉడికేదాకా పక్కన కూర్చునే రైతు ఉండడు కదా? ఒకటి ఉడుకుతుంటే రెండోది నింపుతారు, మూడోది దించుతారు. కోడ్‌లోనూ అంతే. నాలుగో ఎనిమిదో ముక్కలని వరుసగా పైప్‌లైన్‌లోకి వదిలితే ఖాళీ సమయం పోతుంది. ఇది కుదరాలంటే ఒక ముక్క ఇంకో ముక్క కోసం ఆగకూడదు. సీటీఆర్, ఎక్స్‌టీఎస్ పద్ధతుల్లో ఆగక్కర్లేదు. పాత సీబీసీ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడు మాత్రం ప్రతి ముక్కా ముందుదాని జవాబు కోసం ఎదురుచూడాల్సిందే. అందుకే ఎంత మంచి చిప్ ఉన్నా సీబీసీలో రాసిన యాప్ సగం గేర్‌లో నడుస్తుంది. చాలామంది కుర్రాళ్లు కోడ్‌ని అసెంబ్లీలోకి మార్చడానికి తెగ కష్టపడతారు గానీ, మోడ్ మార్చితే వచ్చే లాభం ముందు అది ఏపాటి?

చాచా వచ్చాడు

నిజామాబాద్‌లో చాచా అంటే బాబాయ్. ఇది వేరే చాచా. డేనియల్ బెర్న్‌స్టీన్ 2008లో బయటపెట్టిన సైఫర్ పేరు చాచా20, అంతకుముందు ఆయనే చేసిన సల్సా20కి తమ్ముడు. ఇందులో పట్టికలు లేవు. 32 బిట్ల నంబర్లు పదహారు తీసుకుని మూడే పనులు చేస్తుంది: కూడటం, ఎక్సార్ చేయడం, బిట్లని తిప్పడం. ఇవి ఏ ప్రాసెసర్‌కైనా వెన్నతో పెట్టిన విద్య. పైగా కోర్టెక్స్ ఏ7తో సాధారణంగా వచ్చే నియాన్ అనే భాగం ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో నాలుగు 32 బిట్ నంబర్ల మీద ఒకేసారి పనిచేస్తుంది. అంటే నాలుగు ముక్కలు పక్కపక్కనే కదులుతాయి.

ఇందులో ఒక చిన్న కిటుకు నాకు భలే నచ్చుతుంది. చాచాలో బిట్లని 16, 12, 8, 7 స్థానాలు తిప్పాలి. పాత నియాన్‌లో నేరుగా తిప్పే ఇన్‌స్ట్రక్షన్ లేదు. ఎడమకి జరిపి, కుడికి జరిపి కలపాలి. కానీ 16 స్థానాలు తిప్పడం అంటే నంబర్‌లోని రెండు సగాలని తారుమారు చేయడమే కదా, దానికి ఒకే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. 8 స్థానాలు అంటే బైట్లని ఒక గడి పక్కకి జరపడమే, దానికీ బైట్లని కలిపేసే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. లెక్క మారలేదు, జవాబు మారలేదు, పని తగ్గింది. మంచి ఆప్టిమైజేషన్ అంటే చాలాసార్లు ఇలాగే ఉంటుంది.

ఫలితం ఎంత? చాచా20ని వివరించిన ఆర్ఎఫ్‌సీలోనే అంకెలున్నాయి. ఓమ్యాప్ 4460 అనే పాత ఫోన్ చిప్ మీద ఏఈఎస్ 128 జీసీఎం సెకనుకి 24.1 ఎంబీ ఇస్తే, చాచా20 పాలీ1305 జోడీ 75.3 ఎంబీ ఇచ్చింది. స్నాప్‌డ్రాగన్ ఎస్4 ప్రో మీద 41.5 వర్సెస్ 130.9. అదే ఏఈఎస్ హార్డ్‌వేర్ ఉన్న ఇంటెల్ జియాన్ సర్వర్ మీద కథ తిరగబడింది: ఏఈఎస్ 900, చాచా 500. కాబట్టి ఏది ఫాస్ట్ అనే ప్రశ్నకి చిప్ పేరు చెప్పకుండా జవాబు లేదు. 2014లో గూగుల్ ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఏఈఎస్ హార్డ్‌వేర్ లేని ఫోన్లకి చాచాని వాడటం మొదలుపెట్టింది. ఇప్పుడు కూడా అలాంటి ఫోన్ వెబ్‌సైట్‌కి కనెక్ట్ అయ్యేటప్పుడు పంపే లిస్టులో చాచాని ముందు పెడుతుంది.

స్పెక్ గొడవ, తర్వాత అడియాంటం

వెబ్ సమస్య తీరింది. మరి స్టోరేజీలో కూడా చాచానే పెట్టేస్తే పోలా? పోదు. చాచా ఒక కీ, ఒక నాన్స్ (ప్రతిసారీ మారాల్సిన నంబర్) తీసుకుని యాదృచ్ఛికంగా కనిపించే బిట్ల ధార పుట్టిస్తుంది, దాన్ని డేటాతో ఎక్సార్ చేస్తాం. ఒకే నాన్స్‌తో రెండు వేర్వేరు డేటాలని లాక్ చేస్తే ఆ రెండింటినీ ఎక్సార్ చేసి ధారని కొట్టేయొచ్చు, గుట్టు బయటపడుతుంది. స్టోరేజీలో అదే సెక్టార్‌ని మళ్లీ మళ్లీ రాస్తాం. 4096 బైట్ల సెక్టార్‌లో 4096 బైట్ల డేటానే పడుతుంది, ప్రతి రాతకీ కొత్త నాన్స్ దాచుకోవడానికి అదనంగా ఒక్క బైట్ చోటు కూడా లేదు.

2018లో గూగుల్ ఇంజినీర్లు స్పెక్ అనే సైఫర్‌ని లైనక్స్ కెర్నల్‌లోకి తెచ్చారు. చిన్న చిప్‌ల మీద చాలా వేగం. ఒకే ఒక్క ఇబ్బంది, దాన్ని తయారుచేసింది అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ. అంతకుముందు స్నోడెన్ పత్రాల గొడవ జరిగి ఉంది కాబట్టి నిపుణులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. స్పెక్‌లో లోపం ఎవరూ చూపించలేదు, అయినా గూగుల్ వెనక్కి తగ్గింది, ఆ ఏడాదే కెర్నల్‌లోంచి దాన్ని తీసేశారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే. తాళం గట్టిగా ఉంటే చాలదు, తయారుచేసినవాడి మీద నమ్మకం కూడా కుదరాలి.

దాని బదులు గూగుల్‌కి చెందిన పాల్ క్రౌలీ, ఎరిక్ బిగ్గర్స్ కలిసి అడియాంటం తయారుచేశారు. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. కొత్త సైఫర్ కనిపెట్టకుండా, ఉన్న ముక్కలనే తెలివిగా కలిపారు. సెక్టార్‌లో ఎక్కువ భాగాన్ని వేగంగా హ్యాష్ చేసి, దాన్ని చివరి 16 బైట్లలో కలుపుతారు. ఆ 16 బైట్లకి మాత్రమే ఒక్కసారి ఏఈఎస్ వేస్తారు. వచ్చిన జవాబునే నాన్స్‌గా పెట్టి మిగతా సెక్టార్ అంతా చాచాతో లాక్ చేస్తారు, చివర్లో మళ్లీ హ్యాష్. చూశారా, నాన్స్ దాచడానికి చోటు లేదన్న సమస్యని డేటాలోంచే నాన్స్ పుట్టించి దాటేశారు. 256 సార్లకి పైగా చేయాల్సిన ఏఈఎస్ ఒక్కసారికి దిగింది. సెక్టార్‌లో ఒక్క బిట్ మార్చినా మొత్తం సెక్టార్ మారిపోతుంది, ఈ గుణం ఏఈఎస్ ఎక్స్‌టీఎస్‌లో లేదు.

ఇంకో ధైర్యమైన అడుగు కూడా వేశారు. చాచాని 20 రౌండ్లు కాకుండా 12 రౌండ్లకి తగ్గించారు. వేగం కోసం భద్రత తగ్గించినట్టు కాదా అంటే, అప్పటికి తెలిసిన దాడుల్లో బలమైనవి కూడా ఏడు రౌండ్లు దాటలేదు. ఆ లెక్క చూసుకునే తగ్గించారు. మీరూ నేనూ మన ప్రాజెక్టులో సొంతంగా రౌండ్లు తగ్గించడం మాత్రం వేరే కథ, ఆ పని చేయకండి.

కోర్టెక్స్ ఏ7 మీద 4096 బైట్ల సెక్టార్‌కి అడియాంటం బైట్‌కి 10.6 సైకిల్స్ తీసుకుంటుంది. ఏఈఎస్ 256 ఎక్స్‌టీఎస్‌తో పోలిస్తే ఐదు రెట్ల కంటే ఎక్కువ వేగం. 1.2 గిగాహెర్ట్జ్ కోర్‌కి లెక్క కట్టండి: 120 కోట్ల సైకిల్స్‌ని 10.6తో భాగిస్తే సెకనుకి 113 ఎంబీ దాకా వస్తుంది. ఏఈఎస్‌తో అదే కోర్ 22 ఎంబీ లోపే ఆగిపోతుంది. 50 గీతకి చాలా కింద ఉన్నది చాలా పైకి వచ్చేసింది, చిప్‌లో ఒక్క ట్రాన్సిస్టర్ కూడా మార్చకుండా. ఆ తర్వాత ఆండ్రాయిడ్ 10తో వచ్చే కొత్త ఫోన్లన్నిటికీ, చవకవైనా ఖరీదైనవైనా, ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేశారు. మినహాయింపు అడగడానికి కారణమే మిగల్లేదు.

వేగం పెంచితే కీ లీక్ అవ్వొచ్చు

ఇక్కడే క్రిప్టో కోడ్ మామూలు కోడ్ కంటే వేరు. గేమ్‌లో ఒక ఫంక్షన్ కొన్నిసార్లు తొందరగా, కొన్నిసార్లు ఆలస్యంగా పూర్తయితే నష్టం లేదు. క్రిప్టోలో ఆ తేడానే దొంగకి క్లూ.

ఏఈఎస్ పట్టికలనే తీసుకోండి. వేగం కోసం పాత లైబ్రరీలు కిలోబైట్ సైజు పట్టికలు నాలుగు ముందే తయారుచేసి పెట్టుకునేవి. పట్టికలో ఏ గడి చదువుతామన్నది కీ మీద ఆధారపడి ఉంటుంది. ఆ గడి క్యాష్‌లో ఉంటే వేగంగా వస్తుంది, లేకపోతే ఆలస్యం. క్యాష్ లైన్ 64 బైట్లు, ఒక్కో గడి 4 బైట్లు, అంటే లైన్‌కి 16 గడులు. ఏ లైన్ ముట్టుకున్నారో పక్క ప్రోగ్రామ్ కనిపెట్టగలిగితే గడి నంబర్‌లో సగం, అంటే పైనున్న నాలుగు బిట్లు, తెలిసిపోయినట్టే. 2005లో బెర్న్‌స్టీన్ ఇలాంటి టైమింగ్ తేడాలతోనే ఏఈఎస్ కీ రాబట్టి చూపించారు. చాచాలో పట్టికలే లేవు కాబట్టి ఈ బాధ లేదు. అడియాంటం అంకె కూడా ఇలా టైమింగ్ లీక్ కాని కోడ్‌తో వచ్చిందే, అందుకే దానికి విలువ.

పాత కథ అనుకోకండి. క్వాంటమ్ కంప్యూటర్లని తట్టుకునే కైబర్ అనే పద్ధతి 2024 ఆగస్టులో ఎంఎల్ కెమ్ పేరుతో ప్రమాణం అయింది. దానికి కొన్ని నెలల ముందే, 2023 డిసెంబర్‌లో కైబర్‌స్లాష్ బయటపడింది. రహస్య నంబర్‌ని 3329తో భాగించే ఒక్క లైన్. చాలాసార్లు కంపైలర్ దాన్ని గుణకారంగా మార్చేస్తుంది, అప్పుడు సమస్య లేదు. కానీ ప్రోగ్రామ్ సైజు తగ్గించమని ఆప్షన్ పెడితే అసలు భాగహార ఇన్‌స్ట్రక్షనే పెట్టొచ్చు. చాలా చిప్‌లలో భాగహారానికి పట్టే సమయం నంబర్‌ని బట్టి మారుతుంది. పరిశోధకులు రాస్‌బెర్రీ పై 2 మీద నిమిషాల్లో కీ లాగి చూపించారు. పై 2లో ఉన్న కోర్ ఏంటో తెలుసా? అదే కోర్టెక్స్ ఏ7.

సోర్స్ కోడ్ మారలేదు, ఆప్షన్ మారింది, కీ పోయింది. కాబట్టి క్రిప్టో కోడ్‌ని ఆప్టిమైజ్ చేశాక జవాబు సరిగ్గా వస్తోందా అని చూసి వదిలేస్తే చాలదు, తయారైన అసెంబ్లీలో రహస్య డేటా మీద ఇఫ్ కండిషన్, పట్టిక వెతుకులాట, భాగహారం వచ్చాయేమో కూడా చూడాలి.

మీరు యాప్ రాస్తుంటే

ముందుగా, సొంతంగా ఏఈఎస్ రాయకండి. ఆండ్రాయిడ్‌లో ఉన్న కాన్‌స్క్రిప్ట్ కింద బోరింగ్‌ఎస్ఎస్ఎల్ నడుస్తుంది, మీ చిప్‌లో ఏముందో చూసుకుని తగిన అసెంబ్లీ కోడ్ అదే ఎంచుకుంటుంది. మీరు స్వచ్ఛమైన జావాలో రాసిన లైబ్రరీని యాప్‌లో కలిపి వాడితే ఆ లాభం అంతా పోయినట్టే.

రెండోది, కీస్టోర్. హార్డ్‌వేర్‌లో దాచిన కీ చాలా భద్రం, కానీ దాన్ని వాడిన ప్రతిసారీ మీ డేటా యాప్‌లోంచి సిస్టమ్ సర్వీస్‌కి, అక్కణ్నుంచి చిప్‌లోని భద్రమైన గదికి వెళ్లి రావాలి. 10 ఎంబీ ఫైల్‌ని 4 కేబీ ముక్కలుగా ఇలా పంపితే 2,560 ట్రిప్పులు. దాని బదులు ఫైల్ కోసం ఒక యాదృచ్ఛిక కీ పుట్టించి, ఫైల్ మొత్తం యాప్‌లోనే దానితో లాక్ చేసి, ఆ చిన్న కీని మాత్రం కీస్టోర్‌తో లాక్ చేయించండి. ఒక్క ట్రిప్. అయితే ఆ చిన్న కీ కాసేపు యాప్ మెమరీలో ఉంటుంది, ఆ మేరకు రిస్క్ ఉందని గుర్తుంచుకోండి.

ఇక నెట్‌వర్క్. సిగ్నల్ సరిగా లేని చోట సర్వర్‌కి వెళ్లి రావడానికి 80 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. సెకనుకి 20 ఎంబీ మాత్రమే చేసే నత్తనడక ఏఈఎస్ కూడా ఆ సమయంలో 1.6 ఎంబీ ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది. యూపీఐ రిక్వెస్ట్ కొన్ని కేబీలే కదా! అక్కడ సైఫర్ మార్చి ప్రయోజనం లేదు. ఒక రౌండ్ ట్రిప్ తగ్గించే టీఎల్ఎస్ 1.3 వాడటం, కనెక్షన్‌ని ప్రతిసారీ తెంచకుండా ఉంచుకోవడం, ఇవే అసలు ఆప్టిమైజేషన్.

ఒక్క చోట మాత్రం వేగం వద్దు: పాస్‌వర్డ్ హ్యాషింగ్. పీబీకేడీఎఫ్2, ఆర్గాన్2 లాంటివి కావాలనే నెమ్మదిగా ఉంటాయి, దొంగ కోట్లాది పాస్‌వర్డ్‌లు ప్రయత్నించకుండా. లాగిన్ స్లోగా ఉందని అక్కడ ఇటరేషన్లు తగ్గించే డెవలపర్లు ఉన్నారు. అది ఆప్టిమైజేషన్ కాదు.

మీ ఫోన్‌లో చూసుకోండి

టెర్మక్స్ ఇన్‌స్టాల్ చేసి, ప్రోక్ ఫోల్డర్‌లోని సీపీయూఇన్ఫో ఫైల్ తెరవండి. ఫీచర్స్ అనే లైన్‌లో ఏఈఎస్, పీముల్ అని కనిపిస్తే మీ చిప్‌లో ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నట్టు. తర్వాత ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్యాకేజీ వేసుకుని, దాని స్పీడ్ కమాండ్‌ని ఈవీపీ ఆప్షన్‌తో ఒకసారి ఏఈఎస్ 256 జీసీఎంకి, ఒకసారి చాచా20 పాలీ1305కి నడపండి. ఛార్జింగ్ తీసేసి, ఫోన్ చల్లగా ఉన్నప్పుడు, ఒక్కోటీ మూడు నాలుగు సార్లు. మొదటిసారి పెద్ద కోర్ మీద, రెండోసారి చిన్న కోర్ మీద నడిస్తే నంబర్లు ఎక్కడికో పోతాయి, కాబట్టి ఒక్క రన్ చూసి నమ్మకండి. 16 బైట్ల కాలమ్‌కీ 8192 బైట్ల కాలమ్‌కీ తేడా కూడా గమనించండి, చిన్న ముక్కలుగా పంపితే ఎంత వృథా అవుతుందో అక్కడే తెలుస్తుంది.

గీక్‌బెంచ్ పాత స్కోర్లు పోల్చేవాళ్లకి ఒక మాట. గీక్‌బెంచ్ 5లో మొత్తం స్కోర్‌లో 5 శాతం క్రిప్టో టెస్ట్‌దే. ఏఈఎస్ హార్డ్‌వేర్ ఉన్న చిప్‌కి అది ఊరికే వచ్చే మార్కులు.

ఇక మీ రెండు రన్‌లలో ఏఈఎస్ నంబర్ చాచా కంటే బాగా పైన ఉంటే హార్డ్‌వేర్ పనిచేస్తున్నట్టే. చాచా పైన ఉంటే మీ చిప్‌లో ఆ ఇన్‌స్ట్రక్షన్లు లేవనో, ఉన్నా ఆ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వాటిని వాడట్లేదనో అర్థం. ఏది నిజమో సీపీయూఇన్ఫో లైన్ చూస్తే తేలిపోతుంది.